క్రిస్మసు పండుగయు మన కర్తవ్యమును

(కుల వార్షిక మహాసభయందు చదువబడిన ఉపన్యాసము)



 నేను పండితుడను గాను. ముప్పదియైదేండ్లు పల్లెబడిలో పిల్లలకు అక్షరములు దిద్దించి, ఆదివారములందు మందిరమున వాక్యము చదివి వినిపించుచు కాలము గడపినవాడను. క్రైస్తవుడనగు నన్ను కులసభకు పిలుచుట యేల యని కొందఱికి సందేహము కలుగవచ్చును. 1950 సంవత్సరపు రాష్ట్రపతి యుత్తర్వు మనలో క్రైస్తవులైనవారిని షెడ్యూల్డు కులముల పట్టికనుండి వేఱుచేసినది. మన రాష్ట్రమున వారిని వెనుకబడిన తరగతులలో 'సి' విభాగమున చేర్చిరి. కాగితముమీద గీత గీయబడినది గాని, పెండ్లిపందిటను గాని చావింటను గాని ఆ గీత కానరాదు. నా మేనత్త కొడుకు మారెమ్మకు మ్రొక్కును. నేను క్రీస్తును కొలుతును. మా యిద్దఱికిని తాత యొక్కడే. కావున ఇంటివారితో ఇంటిమాట చెప్పుకొనుటకే నేను లేచి నిలిచితిని. ఆ యింటిమాట పండుగను గూర్చినది.

క్రైస్తవుడు లోకమునందుండియు లోకమునకు లోబడరాదని మా బోధకులు తఱచు చెప్పుదురు. ఈ బోధ పండుగనాడు పరీక్షకు వచ్చునంతగా మఱియొకనాడు రాదు. మన తాతలు ఈ పరీక్షలో నెగ్గిరి. మనము నెగ్గుచున్నామా యనునదే నేటి నా ప్రశ్న.

మన జిల్లా సంగతి మీకు తెలియనిది కాదు. పడమటి కనుమల చాటున నుండుటచే నైరృతి మేఘము మనలను చేరులోపలనే నీరు కోల్పోవును. ఈశాన్యపు వాన తీరమున కురిసి మనకు తుంపర మిగుల్చును. ఏడాదికి సగటున కురియునది సుమారు 550 మిల్లీమీటర్లు. అదియు అదనుకు రాదు. ఎఱ్ఱనేలలో ఆషాఢ శ్రావణములందు బుడ్డలు విత్తుదుము. అంతయు సరిగా జరిగినచో కార్తికమునకు కాయ పెఱికి కుప్ప వేయుదుము. విత్తనమునకును ఎరువునకును తెచ్చిన అప్పు అప్పుడు తీర్పవలెను. పండిన సంవత్సరమున డిసెంబరు నెలలో చేతిలో నాలుగు రూకలాడును. వాని వెంటనే అప్పులవాడు వాకిట నిలుచును. పండని సంవత్సరమున అప్పులవాడు మాత్రమే నిలుచును. సరిగా ఆ నెలలోనే మా క్రిస్మసు పండుగ వచ్చును. ఏటినీరు పాఱు సీమలలో పండుగఖర్చు ఖర్చు మాత్రమే; మనకు అది వచ్చు నేటి విత్తనము.

నా యింటి కథయే చెప్పెదను. నేను నాలుగవ తరగతి చదువుచున్న యేట వానలు లేవు. కాయ పట్టని తీగను పెఱికి పశువులకు వేసితిమి. అయినను పండుగ వచ్చెను. వాడలోని బిడ్డలందఱు క్రొత్తబట్టలు కట్టగా మన బిడ్డలు పాతవానితో గుడికేగినచో తలవంపులని తలచి, మా నాయన ఊరిలోని యొక ఆసామివద్ద అఱువది రూపాయలు అప్పు తెచ్చెను. మాకు చొక్కాలు, అమ్మకు చీర, ఇంటిల్లిపాదికి వరిబువ్వ, మాంసపుకూర. ఆనాడు నేనెంత సంతోషించితినో చెప్పజాలను. ఉగాదినాటికి వడ్డియైనను కట్టలేక, మా యన్నను ఆ యాసామి యింట జీతమునకు పెట్టిరి. అతనికప్పుడు పండ్రెండేండ్లు. మూడేండ్లు పశువుల వెంట తిరిగెను. మఱల బడి మొగము చూడలేదు. వెట్టిచాకిరిని నిర్మూలించు చట్టము 1976లో వచ్చునప్పటికి అతని బాల్యము గడచిపోయినది. నా క్రొత్తచొక్కా ఏడాదిలోనే చినిగినది. మా యన్న నేటికిని వేలిముద్ర వేయును. క్రిస్మసు పాట వినబడినప్పుడెల్ల, తెల్లవాఱుజామున చద్దిమూట పట్టుకొని ఆసామి దొడ్డివైపు నడచుచున్న యా బాలుని వీపు నా కన్నులయెదుట నిలుచును.

ఇక మా తాతగారి కథ వినుడు. పూర్వము ఊరిలో మారెమ్మ జాతర జరిగినప్పుడు పలకలు కొట్టుట, బలియైన దున్నపోతును కోయుట, నెత్తురు కలిపిన అన్నమును రాత్రివేళ పొలిమేర చుట్టును 'పొలి' యని చల్లుట, ఇవి మనవారి విధులుగా నుండెను. మదరాసు బిషప్పుగా నుండిన హెన్రీ వైట్‌హెడ్ దొర 1916లో దక్షిణదేశపు గ్రామదేవతలను గూర్చి ప్రకటించిన గ్రంథమున తెలుగుపల్లెలలోని యిట్టి యాచారములను వర్ణించినాడు. ఈ పనులకును, చచ్చిన పశువును మోయుటకును, వెట్టికి నిలుచుటకును కలిపి కల్లమున మేర కొలిచెడివారు. కావున పండుగ యనునది మనకు విశ్రాంతిదినము గాదు. మన దాస్యమును ఏడాదికొకసారి మన చేతులతోనే వాయించి ఊరెల్ల చాటు దినము.

1810లో జాన్ హాండ్సు దొర బళ్లారి చేరినది మొదలు లండన్ మిషనువారు ఈ సీమలో పనిచేసిరి. పిమ్మట గుత్తి, అనంతపురములందు నిలిచిరి. మొదట మన తాలూకాలు బళ్లారి జిల్లాలోనివే. అనంతపురము జిల్లా వేఱుపడినది 1882లో. ఆ కాలముననే తూర్పున ఒంగోలు ప్రాంతమున మన సోదరులలో ఒక కదలిక పుట్టెను. 1866లో బాప్తిస్మము పొందిన ఎఱ్ఱగుంట్ల పేరయ్యగారును వారి వెంట వచ్చినవారును మూడు నియమములు పట్టిరి. ఆదివారమున పని చేయరాదు, చచ్చిన గొడ్డుమాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. వినుటకు చిన్నమాటలే. కాని మొదటి నియమముచే ఆసామి పొలమున చేయి ఆగును. రెండవదానిచే మనలను నీచులనుటకు లోకులు చెప్పెడి కారణము తొలగును. మూడవదానిచే జాతరలో పలక ఆగును. మూడును కలిసినచో ఊరు కట్టిన తీరే కదలును. అందుచేతనే వారిని కొట్టిరి, నీరు దొరకనీయరైరి, పనులు మాన్పించిరి.

కూటికొఱకు మతము మాఱిరని మనవారిని నిందించుట కలదు. 1876 మొదలు 1878 వఱకు ఈ దేశమును దహించిన ధాత సంవత్సరపు కఱవులో, ఒంగోలులోని జాన్ క్లౌ దొర కఱవుసాయము నడుపుచున్నంతకాలము బాప్తిస్మములనే నిలిపియుంచెను. ఆ సాయము ముగిసినపిమ్మట, 1878 జూలై 3వ తేదీన, గుండ్లకమ్మ యొడ్డున ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. గంజికేంద్రము మూతపడిన తరువాత వచ్చినవారిని గంజికొఱకు వచ్చిరనుట న్యాయమా? వారు క్రొత్తగా పొందిన దానికంటె పోగొట్టుకొన్న మేరయే యెక్కువ.

మా తాతగారును అట్లే ఒక జాతరనాడు పలక దించెను. ఊరిపెద్దలు పిలిపించి యడుగగా, "అయ్యా! ఏ చాకిరి చెప్పినను చేసెదను; దేవత ముందర మాత్రము వాయింపలేను" అని చేతులు కట్టుకొని చెప్పెనట. మేర నిలిచిపోయెను. రెండేండ్లు బాటపనికి ఱాళ్లు కొట్టి బిడ్డలను సాకెను. ఆ యేటి క్రిస్మసు ఎట్లు జరిగినదో మా యవ్వ చెప్పెడిది. కొఱ్ఱబువ్వ, అనపగింజల పులుసు, ఉదికి ఆఱవేసిన పాతపంచెలు. పాటలు మాత్రము తెల్లవార్లు పాడిరట.

తాత విశ్వాసము కొఱకు మేర పోగొట్టుకొని తలయెత్తి నిలిచెను. నాయన పండుగకొఱకు అప్పుచేసి, కొడుకును తలవంచి నిలువజేసెను. ఇద్దఱును క్రైస్తవులే, ఇద్దఱును మంచివారే. మా నాయన చేసినది బిడ్డలయందలి ప్రేమచేతనే యని నేనెఱుగుదును. అయితే తాతను లొంగదీయలేని లోకము నాయనను ఎట్లు లొంగదీసెను? తాతయెదుటికి అది ఊరిపెద్దల రూపమున, బెదిరింపుతో వచ్చెను. ఆయన దానిని గుర్తుపట్టెను. నాయనయెదుటికి అది "నలుగురేమనుకొందురో" యను చిన్నమాటగా, మన వాడలోనుండియే, పండుగముసుగు వేసికొని వచ్చెను, ఆయన గుర్తింపలేకపోయెను. లోకమనగా లోకులే గదా! లోకులు కాకులని సామెత చెప్పియు, ఆ కాకుల కూతకు వెఱచియే మనము ఇల్లు గుల్లచేసికొనుచున్నాము.

ఇచ్చట మావారి తప్పొకటి ఒప్పుకొనవలెను. పలకను దించిన మా పెద్దలు దానితోపాటు దాని నాదమును కూడ విడిచిరి. దొరల బంగళానుండి వచ్చిన హార్మోనియము పరిశుద్ధమనియు, తాత చేతిలోని పలక అపవిత్రమనియు మేము చాలకాలము నమ్మితిమి. తోలునందు పాపము లేదు. ఎవరి యాజ్ఞపై, ఎవరి వాకిట, ఏ కూలికి వాయించితిమనుటయందే దాస్యము కలదు. నేడు మా మందిరమున పిల్లలు తమ యిష్టముతో పలక వాయించుచుండగా మా తాత వినినచో సంతోషించునని నా నమ్మకము.

అట్లే లోకమును ఎదిరించుట యనగా పొరుగువారి పండుగను తూలనాడుట యని కొందఱు యువకులు తలచుచున్నారు. ఇది తగదు. నార్పల చేరువనున్న గూగూడునకు పీర్లపండుగలో హిందువులును మహమ్మదీయులును వేలకొలది కూడుదురు. వారి మ్రొక్కు నాది గాదు. కాని వారి భక్తిని వెక్కిరించు హక్కు నాకు లేదు. కొరింథు సంఘమునకు వ్రాసిన మొదటి పత్రికలో అపొస్తలుడైన పౌలు విగ్రహములకర్పించిన మాంసమును గూర్చి విచారించుచు, తినుట తినకుండుట యనుదానికంటె బలహీనుడగు సోదరుని మనస్సు గాయపడకుండుటయే ముఖ్యమని తేల్చినాడు. ఆ పత్రికయందే, ప్రభువు బల్లయొద్ద కూడినప్పుడు ఒకడు ఆకలిగొని యుండగా మఱియొకడు మత్తుడై యుండుటను చూచి కఠినముగా గద్దించినాడు. ఊరి జాతరను గూర్చిన మాటకంటె మన పంక్తిని గూర్చిన యీ మాటయే మనకెక్కువగా తగిలినదని నా యభిప్రాయము.

ఏలయన, నేటి మన క్రిస్మసు చూడుడు. బెంగుళూరు కట్టడపుపనులకు వలసపోయినవారు పండుగకు తిరిగివత్తురు. మూడునెలల కూలి మూడుదినములలో కరగును. ఇంటికొక విద్యుద్దీపనక్షత్రము, దానికంటె పెద్దది పొరుగింటివానిది. లౌడుస్పీకరు పాటలో వాక్యము వినబడదు. బట్టలు అప్పుమీద, కోడి అప్పుమీద, చేతిలోని ఫోను వాయిదాలమీద. కొందఱి యిండ్లలో అర్ధరాత్రి ఆరాధన ముగియకమునుపే సీసా మూత తెఱవబడును. జాతరలో కల్లు త్రాగుట పాపమని విడిచినవారి మనుమలు, రక్షకుని జన్మదినమున బ్రాంది త్రాగుట మర్యాద యనుకొనుచున్నారు. మనము పొలిమేర దాటించిన జాతర దొడ్డిదారిని మందిరములో ప్రవేశించినది.

ఇంతకంటె బాధాకరమైన సంగతి యొకటి. కొన్నియేండ్ల క్రిందట, పంట పోయిన సంవత్సరమున, క్రిస్మసు ఉదయమున మందిరమునకు మా వాడలోని యొక తల్లి రాలేదు. ఆమె ఏ ఆదివారమును మానునది గాదు. జ్వరమేమో యని నేను ఇంటికేగి చూడగా, తలుపు దగ్గఱగా వేసి ఇద్దఱు బిడ్డలతో లోపల కూర్చుండియుండెను. "బిడ్డలకు కొత్త గుడ్డలు లేవు సారూ, ఆదివారమొస్తాములే" అనెను. సభవారలారా! పశువులతొట్టిలో పరుండిన శిశువు పుట్టినదినమున, బట్టలు లేవని ఒక బీదతల్లి ఆ శిశువు గుడికి రాజాలకపోయెను. ఆమెను ఎవరును వెళ్లగొట్టలేదు. మా పట్టుబట్టల తళతళయే ఆమెను వెళ్లగొట్టినది. ఆనాడు క్రొత్తపంచె కట్టి ముందువరుసను కూర్చుండినవారిలో నేనును ఒకడను. ఒకప్పుడు ఊరిగుడి గడప మనలను ఆపెను. నేడు మన గుడి గడపకు మనమే అట్టి కాపు పెట్టితిమి.

ఈ పోరాటము మనతో మొదలైనది గాదు. ప్రభువు పుట్టిన తేదీ సువార్తలలో లేదు. డిసెంబరు 25వ తేదీని రోమునగరపు సంఘమువారు 336 నాటికే పాటించుచుండిరని 354 నాటి పంచాంగమువలన తెలియుచున్నది. ఐదవ శతాబ్దారంభమున హిప్పో బిషప్పగు అగస్టీను, జనవరి మొదటిదినపు వేడుకలలో లోకులు ఒకరికొకరు కానుకలిచ్చుకొనుచుండగా క్రైస్తవులు బీదలకు దానము చేయవలెననియు, వారు త్రాగి తూలుచుండగా వీరు ఉపవసింపవలెననియు బోధించెను. ఇంగ్లండులో 1647లో పార్లమెంటువారు క్రిస్మసునే రద్దుచేసిరి. అమెరికాలోని మసాచుసెట్సు వలసవారు 1659లో ఈ పండుగ జరుపువారికి ఐదు షిల్లింగుల జరిమానా విధించి, 1681లో ఆ శాసనమును తీసివేసిరి. దీనినిబట్టి ఒక సంగతి గ్రహింపవలెను. జరిమానాచే ఆనందమును అణపజాలము. అగస్టీను చూపిన మార్గమే మేలు. పండుగను మానుట గాదు, పండుగ మొగమును బీదవానివైపు త్రిప్పుట.

"ఏడాదిపొడుగునను ఎండలో మాడువారికి ఉన్నది ఒక్కదినపు సంతోషము, దానిని కూడ నీతిబోధతో లాగికొందువా?" అని మీరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. సంతోషము వలదని నేననను. కాని మొదటి క్రిస్మసునకు వచ్చినవారెవరు? రాత్రివేళ మంద కాచుకొను గొఱ్ఱెలకాపరులు. మన మెట్టసీమలో పుష్యమాసపు చలికి గొంగళి కప్పుకొని మందప్రక్కన పరుండువారిని మీరు చూచియున్నారు. అట్టివారే. వారు బట్టలంగడికేగి వచ్చినట్లు సువార్తలో లేదు. అప్పు తెచ్చినట్లును లేదు. ఉన్నవారు ఉన్నట్లే పోయి, చూచి, దేవుని స్తుతించుచు తిరిగివచ్చిరి. ఆ సంతోషమునకు మఱునాడు వడ్డి పుట్టలేదు.

హిందూసోదరులారా! ఈ మాట మాది మాత్రమే యనుకొనకుడు. 1917లో బెజవాడలో కూడిన మనవారి మహాసభకు అధ్యక్షత వహించిన భాగ్యరెడ్డివర్మగారు క్రైస్తవులు గారు. వారు హైదరాబాదున మద్యపానమును, జోగినీ దురాచారమును, జంతుబలిని ఎదిరించి జీవితమంతయు పోరాడిరి. 1991, 92 సంవత్సరములలో నెల్లూరు జిల్లా దూబగుంటలో స్త్రీలు సారాను ఎదిరించి లేచిరి. 1993లో సారా నిషేధింపబడెను. 1995లో సంపూర్ణమద్యనిషేధము వచ్చి, 1997లో సడలిపోయెను. సర్కారు శాసనము వచ్చును, పోవును. ఇంటిలో తల్లి చేసిన శాసనము నిలుచును. ఉగాదికైనను, జాతరకైనను, క్రిస్మసునకైనను అప్పులవాని పద్దుపుస్తకము ఒక్కటే. అందు మతభేదము లేదు.

కావున ఈ సభవారి యెదుట అయిదు సూచనలు వినయపూర్వకముగా నుంచుచున్నాను.

మొదటిది. పండుగకొఱకు అప్పు తేరాదు. పంట పోయిన యేట మందిరమునకు అందఱును ఉదికిన పాతబట్టలతోనే రావలెను. దీనిని బీదలకు బోధింపరాదు. కలిగినవారు, ఉద్యోగస్థులు, బోధకులు ముందుగా చేసి చూపవలెను.

రెండవది. ఇంటింట వేఱువేఱు విందుకు బదులు ఒకే పంక్తిని భోజనము. కొఱ్ఱలున్నవారు కొఱ్ఱలు, జొన్నలున్నవారు జొన్నలు, ఏమియు లేనివారు కట్టెలు, అవియు లేనివారు తమ చేతులు తేవలెను.

మూడవది. పండుగదినములలో మత్తుపదార్థము వాడలోనికి రాకుండ చూచుభారము స్త్రీల సంఘమునకు అప్పగింపవలెను. పురుషులు వారి మాటకు అడ్డు చెప్పరాదు.

నాలుగవది. కోతపండుగనాడు మందిరమున తెచ్చియిచ్చిన గుమ్మడికాయను, కోడిని పంతములకు పోయి వేలము పాడుచున్నాము. ఆ సొమ్ములో సగము విత్తననిధిగా నుంచి, ఆషాఢమున బీదరైతులకు వడ్డిలేక యియ్యవలెను. మన వాడలో ఏ బాలుడును అప్పునకు బదులు పనికి పోకుండ ఈ నిధి కాచును.

ఐదవది. పొరుగు మతస్థుల పండుగనాడు వారి వాకిటికి పోయి క్షేమమడుగవలెను. మ్రొక్కవలసిన పని లేదు, నిందింపవలసిన పనియు లేదు.

ఈ సూచనలలో మొదటిదానిని నేను నా యింట ఆరంభించితిని. క్రిందటి క్రిస్మసునకు ఉదికిన పాతపంచెతో మందిరమునకేగితిని. "పింఛను రాలేదా సారూ?" అని ఇద్దఱు ముగ్గురు పరిహాసమాడిరి. కొంచెము సిగ్గుపడితినని నిజము చెప్పవలెను. ఆ సిగ్గు గట్టిదే. దానిని తాళలేకయే మా నాయన అప్పు చేసెనని అప్పుడు నాకు బాగుగా తెలిసినది. అయితే తలుపు వేసికొని కూర్చుండిన యా తల్లి ఈసారి బిడ్డలతో వచ్చి, వెనుకవరుసలో గాక, నా ప్రక్కవరుసలోనే కూర్చుండెను. ఇద్దఱు బిడ్డలు పాతచొక్కాలతోనే పాట పాడిరి.

మా తాత పలక దించుటకు ఎంత ధైర్యము వలసెనో దానిలో నూఱవపాలు ధైర్యము మనకు చాలును. మనము మేర పోగొట్టుకొననక్కఱలేదు, దెబ్బలు తిననక్కఱలేదు. నలుగురి నవ్వు ఒక్కదినము ఓర్చుకొన్నచో ఒక బాలుడు బడిలో నిలుచును. ఈ యేటి కాయ పండినను పండకున్నను పండుగ వచ్చును. అది మన వాకిటికి అప్పులవానిని వెంటబెట్టుకొని రాకుండ చూచుకొందము.

నా మాటలలో కఠినమైనవి యున్నచో పెద్దలు క్షమింతురు గాక.